ఎనుము పాలు, కరక్కాయ, ఇద్దరు పిల్లలు

పిల్లలు చిన్నగా ఉన్న రోజుల్లో కలంకారీ పని ఎట్లా సాగించావని ఎవరన్నా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది పాల లెక్క. పొద్దున్నే ఇంటికి వచ్చే ఎనుము (గేదె) పాలలో కాఫీకింత, పెద్దోడికింత, చిన్నదానికింత, పెరుగు తోడుకింత పోగా, ఇంకో లీటరు వేరే చెంబులో పోయించుకునేదాన్ని. అది గుడ్డకు. మా అత్తమ్మ ఆ చెంబు వంక చూసి, "పిల్లోళ్ళకే చాలకుంటే గుడ్డకు తాపుతావా ఏమ్మే పాలు?" అనేది. చెంబు కనపడ్డప్పుడల్లా అనేది. నేను సరేనని తలూపి తాపుతూనే ఉండేదాన్ని.

మా పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. కలంకారీ అంటే కలంతో గుడ్డ మీద బొమ్మలు గీసి రంగులు నింపే పని. శ్రీకాళహస్తి కలంకారీలో మామూలు గుడ్డ మీద కలం పెట్టడం కుదరదు. గంజి పోయేదాకా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పచ్చి ఎనుము పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలలో ఉన్న వెన్న పోగులకు పట్టుకుంటే రంగు పక్కలకు పాకదు. పలచటి పాలైతే ఆ పని జరగదు, అందుకే ఎనుము పాలు. కరక్కాయ వగరు ఏమో నల్లరంగును పట్టి ఉంచుతుంది. ఆ నల్లరంగును మేం కసిమి అంటాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి, మూతి కట్టి, దాదాపు మూడు వారాలు పులియబెడితే కసిమి తయారవుతుంది. కుండలో చూస్తే పెద్ద నలుపేం ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిందంటే మాత్రం చూస్తుండగానే నల్లబడుతుంది. ఇక ఎంత ఉతికినా పోదు.

ఉతికినా పోని రంగు కుండెడు ఉన్న ఇంట్లో రెండేళ్ళ పిల్ల తిరుగుతుంటే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. కుండ అటక మీద ఉండేది. దించాలంటే స్టూలు వేసుకోవాలి, స్టూలు శబ్దం వింటే చిన్నది ఏ గదిలో ఉన్నా పరిగెత్తుకొచ్చేది. వీధిలో వాళ్ళకు ఇంకో బాధ, ఆ పులిసిన వాసన. పక్కింటామె చాలాకాలం మా ఇంట్లో ఇడ్లీ పిండి పాడైందనే అనుకుంది.

నేను ఈ పని పెళ్ళికి ముందు నేర్చుకున్నాను. మా ఇంట్లో ఎవరూ కలం పట్టినవాళ్ళు లేరు. 1950ల చివర్లో, చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకుని మా ఊళ్ళో శిక్షణ కేంద్రం పెట్టించడం, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి లాంటి పెద్దలు అక్కడ నేర్పడం వల్ల ఈ పని నాలుగిళ్ళ గోడలు దాటి బయటికొచ్చింది. లేకపోతే నాబోటి వాళ్ళ దాకా వచ్చేదే కాదు. ఆ కేంద్రంలో నేర్చుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఒకరు మా గురువు. ఆయన దగ్గర మొదట నేర్చుకున్నది బొమ్మ వెయ్యడం కాదు, కలం కట్టడం. వెదురు పుల్ల కొసను సన్నగా చెక్కి, కొసకు కాస్త పైన ఉన్ని పేలికలు ఉండగా చుట్టి, నూలుదారంతో బిగించాలి. ఆ ఉండ రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. నొక్కుడు ఎక్కువైతే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో తెగుతుంది. రంగు నింపడానికి ఇంకో కలం, దాని కొస మొద్దుగా ఉంటుంది. ఈ రెండు కలాలకూ ఉన్న తేడా నాకు అసలు అర్థమైంది పిల్లలు పుట్టాక.

కలంకారీలో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. గుడ్డ నానాలి, ఆరాలి. కసిమి పులియాలి. పటిక నీళ్ళు పూసిన చోట గుడ్డకు పట్టేదాకా వదిలెయ్యాలి. తర్వాత పారే నీళ్ళలో జాడించాలి, ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ వేరుతో ఉడికించాలి, పేడనీళ్ళలో నానబెట్టి ఇసుక మీద పరిచి తెలుపు తేల్చాలి, మళ్ళీ పాలు పట్టించాలి, అప్పుడు పసుపు, ఆ తర్వాత నీలం. ఒక్కో దానికీ మధ్య గంటలో, రోజులో గడిచిపోతాయి. ఆ ఖాళీలో అన్నం వండొచ్చు, పిల్లలకు నీళ్ళు పోయొచ్చు, బడికి దింపి రావొచ్చు. కుట్టుపని చేసే మా స్నేహితురాలు "నీకేంలే, సగం పని ఎండే చేసిపెడుతుంది" అనేది. నిజమే. పిల్లలున్న ఆడవాళ్ళకు ఇంత అనువైన పని ఇంకొకటి ఉండదేమో అనిపించేది కూడా.

గీత మాత్రం అట్లా కాదు. ముక్కు మీంచి పెదవి, గడ్డం దాకా వచ్చే గీత ఒక్క ఊపులో దిగాలి. మధ్యలో "అమ్మా" అని వినపడితే చెయ్యి ఆగుతుంది, ఉండలో రంగు ఆగదు. మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టినా అతుకు తెలిసిపోతుంది. బయటివాళ్ళకు తెలియకపోవచ్చు, వేసినవాళ్ళకు తెలుస్తుంది. ఆ కాలం గుడ్డలు కొన్ని ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తీసి చూస్తే ఏ గీత ఎక్కడ ఆగిందో, ఎందుకాగిందో చెప్పగలను. పార్వతి భుజం దగ్గర లావైన చోట చిన్నది నిద్ర లేచింది. ఏనుగు తొండం మలుపులో గ్యాస్ బండ అబ్బాయి తలుపు కొట్టాడు. నంది మూపురం మీద బొట్టు పడింది పెద్దోడు మంచం మీంచి దూకినప్పుడు. దాన్ని గంటగా మార్చాను. మూపురం మీద గంటేమిటని కొన్నవాళ్ళెవరూ అడగలేదు గానీ, గురువు అడిగారు.

అందుకని ఇంట్లో నాకు తెలియకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. మధ్యాహ్నం పిల్లలిద్దరూ పడుకుంటే గీత. వాళ్ళు మెలకువగా ఉంటే నింపుడు. మొద్దు కలంతో నింపే పనిని ఎక్కడైనా ఆపొచ్చు, మళ్ళీ అందుకోవచ్చు, ఒడిలో పిల్లను పెట్టుకునైనా చెయ్యొచ్చు. మంట పెట్టే పని ఆదివారాలకు. వారమంతా మా ఆయన పొద్దున్నే రైలెక్కి తిరుపతి వెళ్ళేవాడు, చీకటి పడ్డాక గానీ వచ్చేవాడు కాదు. ఆదివారం పిల్లల్ని సైకిల్ మీద వేసుకుని ఊరంతా తిప్పుకొచ్చేవాడు. ఆ కాసేపట్లో పెరట్లో రాగి గుండిగ కింద కట్టెలు పెట్టి ఎరుపు ఉడికించేదాన్ని. ఎరుపు ఉడుకుతుంటే చూడటమంటే నాకు ఈనాటికీ ఇష్టమే. పటిక పూసినప్పుడు గుడ్డ మీద రంగేమీ ఉన్నట్టు అనిపించదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ పటిక పట్టిన చోటల్లా ఎరుపు నెమ్మదిగా పైకి తేలుతుంది. చీర అంచులు, కిరీటంలో రాళ్ళు, పాదాలకు పారాణి. కర్రతో తిప్పుతూనే ఉండాలి, ఒక చోట మడత పడితే మచ్చ కడుతుంది. ఆ మంట ముందు చెమటలు కారుతుంటే, ఇంట్లో పిల్లల గోల లేకుండా, గుండిగలో నీళ్ళ శబ్దం ఒక్కటే వినపడేది. వారమంతా ఆ గంట కోసం చూసేదాన్నని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మధ్యాహ్నం నిద్ర సంగతి కూడా దాచడమెందుకు. గీత మంచి ఊపులో ఉండగా చిన్నది లేచి ఏడిస్తే నాకు ముందు వచ్చేది కోపమే. ప్రేమ తర్వాత వచ్చేది. తల్లులు ఈ మాట పైకి అనరు. పిల్లలు పెరిగి పెద్దయ్యాక అన్నీ తీపి జ్ఞాపకాలే అయిపోయినట్టు రాస్తారు. నాకు అప్పటి కోపం బాగా గుర్తుంది, దానివల్ల పిల్లలకు జరిగిన నష్టం ఏమీ కనపడటం లేదు.

చింతపుల్లల్ని కాల్చి చేసే బొగ్గు ఒక్కటే వాళ్ళకు నేను ధైర్యంగా ఇచ్చిన వస్తువు. కసిమి పెట్టకముందు బొమ్మ ఆకారం ఆ బొగ్గుతోనే గీస్తాం, దులిపితే రాలిపోతుంది. మిగిలిన గుడ్డ పేలికలు, గచ్చు, గోడ, ఒకరి వీపు మీద ఒకరు, ఎక్కడంటే అక్కడ గీసుకునేవాళ్ళు. సాయంత్రానికి ఇద్దరూ బొగ్గుల బస్తాలోంచి లేచొచ్చినట్టుండేవాళ్ళు. పాలు పట్టించిన గుడ్డ ఆరేసినప్పుడు చిన్నది ఒకసారి దాన్ని నాకి చూసింది. పాల వాసన చూసి తియ్యగా ఉంటుందనుకుంది కాబోలు, కరక్కాయ వగరుకు మొహమంతా ముడుచుకుపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు గ్లాసులో పాలు ఇచ్చినా అనుమానంగా చూసేది. అత్తమ్మకు ఇంకేం కావాలి.

రేకు లారీ కథ చెప్పకపోతే పెద్దోడు ఊరుకోడు. శివరాత్రి తిరునాళ్ళలో కొన్న లారీ అది, ఇరుసులు ఎప్పుడో తుప్పు పట్టాయి. వాడి ఆటకు వసారాలో పరిచి ఉన్న గుడ్డ రోడ్డు. అది ఆర్డరు మీద వేస్తున్న దశావతారాల గుడ్డ, నల్ల గీత పని మొత్తం అయిపోయింది. లారీని దాని మీదే నిలిపి పడుకున్నాడు. రాత్రి జల్లు కొట్టి గుడ్డ తడిసింది. పొద్దున లారీ ఎత్తి చూస్తే కూర్మావతారానికి, వరాహావతారానికి మధ్య నాలుగు నల్లటి చక్రాలు, గుండ్రంగా, ఎంత శుభ్రంగా పడ్డాయంటే చేత్తో వేసినా అంత బాగా రావు. తుప్పు, తడి, కరక్కాయ, మూడూ ఒకచోట చేరాయి మరి. గుడ్డ పట్టుకుని ఏడుపు మొహంతో గురువు దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "నీ కసిమి కంటే మీవాడి కసిమే నల్లగా పట్టిందే అమ్మా" అన్నారు. చెయ్యగలిగిందేమీ లేదు. ఆర్డరు పోయింది. గుడ్డ కోసి దిండు గలేబులు కుట్టాను. లారీ చక్రాలున్న గలేబు కోసం అన్నాచెల్లెళ్ళు కొట్టుకునేవాళ్ళు.

పిల్లల సాయం నిజంగా అక్కరకొచ్చింది స్వర్ణముఖి ఒడ్డున. ఎరుపు ఉడికించాక గుడ్డ నేల, అంటే బొమ్మ లేని చోటు కూడా కాస్త ఎర్రబడుతుంది. పేడనీళ్ళలో నానబెట్టి, జాడించి, ఏటి ఇసుక మీద ఎండలో పరిచి, ఆరనివ్వకుండా పైన నీళ్ళు చిలకరిస్తూ ఉంటే నేల మళ్ళీ తెల్లబడుతుంది, బొమ్మలో ఎరుపు మాత్రం నిలబడుతుంది. ఈ చిలకరించే పని వాళ్ళది. ఏట్లో నీళ్ళు పారేది ఏడాదిలో కొన్నాళ్ళే. మిగతా రోజుల్లో ఇసుకలో చెలమ తీస్తే ఊరే నీళ్ళే దిక్కు. ఇద్దరూ చెలమ తవ్వుతూ, చెంబులతో తెస్తూ, గుడ్డ మీద సగం, ఒకరి మీద ఒకరు సగం పోసుకుంటూ పొద్దంతా అక్కడే ఉండేవాళ్ళు. ఒడ్డున గుడి గంటలు వినపడేవి. సాలెపురుగు, పాము, ఏనుగు కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నారో. పాము, ఏనుగు కొట్టుకుని రెండూ చచ్చిపోవడం చిన్నదానికి అస్సలు నచ్చేది కాదు. నా గుడ్డ మీద అవి రెండూ పక్కపక్కనే ఉండాలని పట్టుబట్టేది. ఒక చిన్న గుడ్డ అట్లాగే వేసిచ్చాను. గురువుకు చూపించలేదు.

ఆ ఏళ్ళలో నేను వేసినవన్నీ చిన్నవే. అంచులు, దుపట్టాలు, యాత్రికులు కొనుక్కునే మూరెడు గుడ్డలు. కిటికీలోంచి కనపడే గాలిగోపురం ఎన్ని గుడ్డల మీద గీశానో లెక్కే లేదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం 2010 మేలో ఒక రాత్రి కూలిపోయింది. మర్నాడు ఫోన్లో పెద్దోడు మొదట అడిగింది, "అమ్మా, నువ్వు గీసినవి ఏమైనా మన దగ్గర మిగిలాయా?" అని. ఒక్కటే మిగిలింది, అదీ నిండా అతుకుల గీతలతో.

పెద్ద గుడ్డలు, గోడంత రామాయణాలు వేసినవాళ్ళ ఇళ్ళు మా ఊళ్ళో చాలా చూశాను. ఆ పెద్దల చెయ్యికి దండం పెట్టాల్సిందే. 2008లో మా ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరంతా తమ ఇంట్లోవాళ్ళకే వచ్చినంత సంబరపడింది. "మన వీధుల్లో చేసే పనికి కూడా పద్మశ్రీ ఇస్తారామ్మా" అని అప్పటికి హైస్కూల్లో ఉన్న పెద్దోడు నోరెళ్ళబెట్టాడు. నేను అనేది వేరే సంగతి. ఏ ఇంటికి వెళ్ళినా, ముందు గదిలో పెద్దాయన పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గీత గీస్తూ ఉంటాడు, పెరట్లో ఒకామె చంకన పిల్లతో గుడ్డకు పాలు పట్టిస్తూ ఉంటుంది. అన్నం వేళకు కంచం ముందు గదికే వస్తుంది. నింపుడు పని చాలావరకు ఆడవాళ్ళే చేస్తారు. సంతకం ఒకరిదే ఉంటుంది. మా ఇంట్లో ముందు గదీ నేనే, పెరడూ నేనే. అందుకే నా గుడ్డలు మూరెడు దాటలేదు. ఇది చేతకానితనం అని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

అత్తమ్మ గురించి ఒక మాట. పాల దగ్గర అంత గొడవ పడ్డ మనిషే ఆవిడ. నేను ఒక ఎగ్జిబిషన్ కోసం కన్నప్ప గుడ్డ వేస్తూ, కన్నప్ప తన కన్ను తానే పీక్కునే ఘట్టం దగ్గర ఆగిపోయి ఉన్నాను. వారం నుంచి ఆ మొహం కుదరట్లేదు, పిల్లలిద్దరికీ జలుబు, రాత్రి నిద్ర లేదు. ఆవిడ వచ్చి నిలబడి చూసి, ఏమీ అనకుండా పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని గుడికి తీసుకెళ్ళిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మొహం వచ్చిందాకా తీసుకెళ్ళింది. అయిపోయాక, "కన్ను పీక్కునేవాడి మొహంలో నొప్పి లేదేంది?" అని అడిగింది. ఆవిడకు చదువు రాదు. కన్నప్పకు నొప్పి ఉండకూడదని నేను పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క ప్రశ్నతో ఆవిడకు కనపడ్డాయని తెలిసింది. ఆ గుడ్డ అమ్ముడుపోయింది. డబ్బులు మాత్రం నిర్వాహకులు నెలలు తిప్పించుకుని ఇచ్చారు. ఆ డబ్బులో కొంత పెట్టి ఆవిడకు చీర కొంటే, "ఇంత పెట్టి నాకెందుకు, ఇంకో ఎనుమును కొనుక్కోవాల్సింది" అంది.

ఈమధ్య మా అక్క కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. వాటర్ కలర్స్ బాగా వేస్తుంది, ఏడాదిన్నర బాబు. "పిన్నీ, అందరూ బాబును పక్కన కూర్చోబెట్టుకుని వెయ్యి, వాడికీ కళ అబ్బుతుంది అంటున్నారు. నాకైతే పిచ్చెక్కుతోంది" అంది. పిచ్చెక్కదూ మరి. పిల్లలతో కలిసి వెయ్యమనే సలహా ఇచ్చేవాళ్ళెవరూ చేతిలో తడి కుంచెతో, పక్కన అంత పిల్లాడితో కూర్చున్నట్టు నాకు తోచదు. పిల్లలు పెద్దయ్యాక మొదలుపెట్టమనేవాళ్ళు ఇంకో రకం. చెయ్యి అన్నేళ్ళు ఆగి కూర్చోదు, మొద్దుబారిపోతుంది. నేను బాలింతగా కలం ముట్టని ఆ కొద్ది నెలలకే, మళ్ళీ పట్టుకుంటే వేళ్ళకు నొక్కుడు అంచనా దొరకలేదు.

నీ పనిలో ఎక్కడ ఆపొచ్చో, ఎక్కడ ఆపకూడదో ముందు చూసుకో అన్నాను. "మా పనిలో ఆగేదేముంది పిన్నీ, కాగితం ఆరేలోపు రంగు పడాలి, ఆరిందంటే అంతే" అంది. నిజమే, మాకు ఎండబెట్టడం పనిలో భాగం, దానికి ఆరడమే శత్రువు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్సిలు పని ఉంటుంది కదా, దాన్ని వాడు మెలకువగా ఉన్నప్పటికి పెట్టుకో అన్నాను. కాగితం తడిపే పనికి మాత్రం మనిషి సాయం కావాలని, ఆ మనిషి ఊరికే దొరకడని, అడగాలని, అవసరమైతే పోట్లాడాలని చెప్పాను. వాళ్ళాయన ఇంటి నుంచే పని చేస్తాడు, తలుపు వేసుకుని. ఆ తలుపు సంగతి ఇద్దరం కాసేపు తిట్టుకున్నాం.

మా చిన్నది ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. కలం ముట్టదు, పాలు ముట్టదు, కాఫీ కూడా పాలు లేకుండానే తాగుతుంది. ఆఫీసుకు మాత్రం నా దుపట్టాలే వేసుకెళ్తుంది, ఎవరన్నా అడిగితే ధర రెండింతలు చెప్పి ఆర్డర్లు తెస్తుంది. పెద్దోడికి పుణేలో పని. ఇల్లు ఖాళీ అయ్యాక ముందు గదిలో మంచం తీయించేసి, గోడంత గుడ్డకు పాలు పట్టించాను. కన్నప్ప కథ మొత్తం, వేట దగ్గర్నుంచి. పైవరస నల్ల గీత అయింది, పటిక ఇంకా మొదలుపెట్టలేదు. ఇప్పుడు పిల్లలు లేరు గానీ మోకాళ్ళున్నాయి, కింద కూర్చుంటే గంటకోసారి లేవమంటాయి. అతుకులు ఇప్పుడూ పడుతున్నాయి.

దసరా సెలవులకు అక్క కూతురు బాబును తీసుకుని వస్తానంది. రంగులు కూడా తెచ్చుకోమన్నాను. పెరటి వైపు గది ఆమెకు, ముందు గది నాకు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు బాబును చూసుకునే డ్యూటీ మీ బాబాయిదని చెప్పాను. సైకిలుకు గాలి కొట్టించమని ఆయనకు కూడా చెప్పాను. ఈ వయసులో సైకిలేమిటే అని ఇంకా వాదిస్తున్నాడు.